కింది ఇంటి చేపకు పై ఇంటి పోపు

కొత్త కాపురం రోజుల్లో నా లోకజ్ఞానం ఎంతటిదంటే, చేప అనేది చింతపండు పులుసులోనే పుట్టి అందులోనే పెరుగుతుందని నమ్మినంత పని చేశాను. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఇంట్లోకి చేపలు వచ్చిన రోజు ఇంకో ఆలోచనే ఉండేది కాదు. కారం, చింతపండు, మెంతిపొడి, దించే ముందు కొత్తిమీర, అంతే. వండిన పూట కంటే మర్నాడు బాగుంటుందని మా అమ్మ ఆ గిన్నె దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. చేపను ఇంకో రకంగా కూడా వండవచ్చని ఎవరైనా చెబితే, పెరుగును వేయించుకుని తినమన్నట్టు వాళ్ళ మొహం చూసేదాన్ని. ఇప్పుడు మా ఇంటి అలమారలో ఐదు రకాల నల్లటి సాసులు వరుసగా నిలబడి ఉంటే, వాటిని మూత తీయకుండానే గుర్తుపట్టగలుగుతున్నానంటే, ఆ పుణ్యం నాది కాదు. ఎవరిదో చెప్పాలంటే నేను చేసిన ఒక దొంగపని కూడా చెప్పాలి. ఇన్నేళ్ళయ్యింది కాబట్టి చెప్పేస్తాను.

పెళ్ళయ్యాక రెండేళ్ళు నేను ఊళ్ళో, మా ఆయన మస్కట్‌లో. ఆ రెండేళ్ళూ మా కాపురం ఫోన్‌లోనే జరిగింది (వీడియో కాల్‌లో అలగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు, మనం మొహం తిప్పుకుంటే సిగ్నల్ పోయిందనుకుని అవతలివాళ్ళు కట్ చేసి మళ్ళీ చేస్తారు). చివరికి ఫ్యామిలీ వీసా వచ్చి, నాకు ఇరవై మూడేళ్ళు నిండిన నెలలో అక్కడి దార్సైట్ అనే పేటలో ఒక రెండో అంతస్తు ఫ్లాట్‌లో పాలు పొంగించాం. కిటికీ తీస్తే ఎదురుగా గడ్డిపోచ కూడా లేని కొండ. పొద్దున ఇండియన్ స్కూల్ బస్సుల హారన్లు, సాయంత్రం కృష్ణుడి గుడికి పోయేవాళ్ళ కార్లు. మా ఆయన అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో బిల్డింగుల డ్రాయింగులు గీసేవాడు. ఏడింటికి డ్యూటీకి పోతే ఐదున్నరకు వచ్చేవాడు. మధ్యలో నేనూ, ఏసీ. కొన్నాళ్ళకు అది ఏ టైముకు ఏ రాగం తీస్తుందో కూడా నాకు తెలిసిపోయింది.

మా కింది ఫ్లాట్‌లో ఒక ఆంటీ ఉండేది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా, చెవుల దాకా కత్తిరించిన జుట్టు. బిల్డింగంతా ఆమెను చైనా ఆంటీ అనేది. ఎవరు అలా పిలిచినా ఆమె మెట్ల మీద ఆగి మరీ వేలు ఊపి, "నో చైనా. తైవాన్," అని సరిదిద్ది పోయేది. ఆమె భర్త ఎక్కడో దూరంగా ఓడలు బాగుచేసే చోట పని చేస్తూ రెండు వారాలకోసారి ఇంటికి వచ్చేవాడు. పిల్లలిద్దరూ వాళ్ళ దేశంలోనే ఉద్యోగాల్లో ఉన్నారు. అంటే పగలంతా ఆమెకూ ఏసీయే దిక్కు. ఒకరోజు లిఫ్ట్ చెడిపోయి, ఆమె మత్రా చేపల మార్కెట్ నుంచి తెచ్చుకున్న సంచీ ఒకటి నేను మోసుకొచ్చి పెట్టాను. నా పేరు అడిగింది. చెప్పాను. మూడుసార్లు ప్రయత్నించింది, నోరు తిరగలేదు. "యూ... అప్‌స్టెయిర్," అని తనే పేరు పెట్టేసింది. ఆ తరువాత ఆమె అక్కడున్నన్నాళ్ళూ నేను అప్‌స్టెయిర్‌నే.

ఆ సాయంత్రమే తలుపు తట్టి ఒక గిన్నె చేతిలో పెట్టి పోయింది. మూత ఉన్న తెల్లటి పింగాణీ గిన్నె. తీసి చూస్తే చేప. తలతో సహా, కంటితో సహా. ఆవిరి మీద ఉడికించింది. పైన దారాల్లా తరిగిన అల్లం, ఉల్లికాడలు, అడుగున నల్లటి నీళ్ళలాంటిదేదో సాస్. పసుపు లేదు, కారం లేదు, పోపు జాడే లేదు. చేప నన్ను చూసింది, నేను చేపను చూశాను. మా ఆయన వచ్చి మా ఇద్దరినీ చూశాడు.

"గిది ఉడికిందా, నిద్రపోతుందా?" అన్నాడు.

"నాకేం ఎరుక? పడేస్తే పాపం తగుల్తది," అన్నాను.

పాపం తగలకుండా ఉండడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. అల్లం, ఉల్లికాడలు పక్కకు తీశాను. చేపను ముక్కలు చేశాను. మూకుట్లో నూనె పోసి, ఆవాలు, మెంతులు, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేసి, చిక్కటి చింతపండు రసం పోసి, రెండు చెంచాల మా ఊరి కారం వేసి, ఆ చేపను అందులో దించి పావుగంట ఉడికించాను. ఒకసారి ఉడికిన చేప మళ్ళీ ఉడికితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ముల్లు ఒకచోట, కండ ఒకచోట అయింది. అయినా మా ఆయన రెండుసార్లు పెట్టించుకుని తిని, "ఇగ ఇప్పుడు మన చేప అయింది," అన్నాడు. ఆ మాటతో నాకు ఏదో పుణ్యకార్యం చేసినట్టే అనిపించింది.

అసలు చిక్కు గిన్నె దగ్గర వచ్చింది. ఒకరింటి నుంచి కూరతో వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపితే మా అమ్మ ఊరుకునేది కాదు. "ఒట్టి గిన్నె ఇయ్యొద్దు బిడ్డా. ఏం లేకుంటే పిడికెడు చక్కెరన్న పోసియ్యాలె," అనేది. అందుకని మర్నాడు సర్వపిండి చేసి (బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి మూకుడుకు అద్ది కాల్చే మా వైపు రొట్టె), ఆ గిన్నె నిండా పెట్టి ఇచ్చాను. ఆంటీ రెండు చేతులతో అందుకుని నడుం వంచింది. వాళ్ళ ఇంట్లో కూడా ఒట్టి గిన్నె పంపకూడదని నియమం ఉందని నాకేం తెలుసు? రెండో రోజుకు గిన్నె రొయ్యలతో పైకి వచ్చింది. మూడో రోజుకు గుడాలతో (ఉడికించి పోపు పెట్టిన శనగలు) కిందికి పోయింది. ఐదో రోజుకు ఇంకేదో చేపతో మళ్ళీ పైకి. ఎవరం ముందు ఆపినా మర్యాద పోతుంది. లిఫ్ట్ ఆ నెలలో రెండుసార్లు చెడిపోయింది కానీ ఆ గిన్నె మాత్రం ఒక్కపూట ఆగలేదు.

అలా ఐదు నెలలు. ఆంటీ ఏం పంపినా నేను రిపేరు చేసేదాన్ని. నల్ల గింజలేవో వేసి ఉడికించిన హమూర్ చేప వస్తే గింజలు కడిగి పారేసి పులుసు పెట్టాను (అవి సోయా గింజల్ని ఉప్పులో పులియబెట్టి చేసేవని, సగం రుచి వాటిలోనే ఉంటుందని తరువాత తెలిసి నాలుక కరుచుకున్నాను). తులసి ఆకులాంటి ఆకులేసి నిగనిగలాడేలా వండిన స్క్విడ్ అనే మెత్తటి సముద్రప్రాణి వస్తే, ఆకులు చూసి కళ్ళకద్దుకుని, ముక్కలకు గరం మసాలా పట్టించి వేపుడు చేశాను. సాసుల గురించి నాకప్పుడు తెలిసిందల్లా అన్నీ నల్లగా ఉంటాయని, అన్నీ మా జగిత్యాల బస్టాండ్ దగ్గర నూడుల్స్ బండివాడు చల్లే సీసాకు చుట్టాలని. మా ఆయన మా వంటింటికి గ్యారేజ్ అని పేరు పెట్టాడు. ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "ఇయ్యాల గ్యారేజీల బండి ఏమన్న వచ్చిందా?" అని అడిగేవాడు.

మెట్ల మీద ఆంటీ కనిపించినప్పుడల్లా, "ఫిష్ గుడ్?" అనేది. నాకు వచ్చిన ఇంగ్లీషులోకెల్లా గొప్ప వాక్యం, "వెరీ నైస్ ఆంటీ!" అదే అనేదాన్ని. ఆమె మొహం విప్పారేది. ఆ విప్పారిన మొహం చూసి ఇంకోసారి అనేదాన్ని. దాని ఫలితంగా మర్నాడు ఇంకో చేప వచ్చేది. అబద్ధం చెబితే గోడ కట్టినట్టుండాలంటారు, నేను ఐదు నెలల్లో ప్రహరీయే కట్టేశాను.

అప్పుడు నేను నెల తప్పాను. సంబరం నాలుగు రోజులే. ఐదో రోజు నుంచి వేవిళ్ళు పట్టుకున్నాయి. అవి కూడా మామూలువి కావు. పోపు వాసన తగిలితే చాలు, పరుగు. ఏ పోపుతో నేను ఊరి చేపనూ, సముద్రం చేపనూ ఒక్కలాగే దారిలో పెట్టానో, ఆ పోపే నన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు. అన్నం తింటే నిలవదు, పప్పు నిలవదు, మజ్జిగ నిలవదు, ఆఖరికి మంచినీళ్ళు కూడా లోపలికి పోయి ఒకసారి చూసి వచ్చేసేవి. మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. క్లినిక్‌లో డాక్టరమ్మ నన్ను త్రాసు ఎక్కించి, దింపి, మా ఆయన వైపు తిరిగి, ఇలాగే ఉంటే చేర్చుకుని సెలైన్ పెట్టాల్సి వస్తుందని, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ లేనప్పుడు ఊరికి పంపడమే మంచిదని చెప్పింది.

తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఏడో నెలలో నేను ఎలాగూ ఊరికి పోవాల్సిందే. అది ముందే అనుకున్నాం. కానీ ఇప్పుడు మూడో నెల. ఇప్పుడే పోతే కాన్పు, ఆ తరువాత పాపకో బాబుకో పాస్‌పోర్టు, వీసా, అన్నీ అయి మళ్ళీ మేం ఒక ఇంట్లో ఉండేసరికి ఏడాది దాటుతుంది. రెండేళ్ళు ఫోన్‌లో కాపురం చేసి, ఏడు నెలలు ఇంట్లో చేసి, మళ్ళీ ఫోన్‌లోకి పోవడమంటే నాకు గుండె జారిపోయింది. ఆ నాలుగు నెలలు నాకు కావాలి. అంతకంటే ఇంకేమీ వద్దనిపించింది. కారులోనే ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడువకు. వచ్చే గురువారం మళ్ళ రమ్మన్నది గద. అప్పటిదాంక చూద్దాం," అన్నాడు మా ఆయన. "అప్పటికి గూడ గిట్లనే ఉంటే టికెట్ తీస్త. నిన్ను గిట్ల జూసుకుంట నేను ఆఫీసుల ఏం గీస్త చెప్పు? నిన్న ఒక బిల్డింగుకు మెట్లు పెట్టుడే మర్షిపోయిన."

ఊళ్ళో మా అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి, "తోలియ్యిమను బిడ్డా, నేను జూస్కుంట," అని ఆమె, "ఉంటనే అమ్మా," అని నేను. ఇద్దరం ఏడ్చి ఫోన్ పెట్టేసేవాళ్ళం.

ఆ మూడు వారాలూ మా ఆయన బజారు మిఠాయి నింపి నడిపించిన గిన్నె మాత్రం, ఈ గొడవలేవీ తెలియక, సోమవారం సాయంత్రం చేపతో పైకి వచ్చింది. తలుపు మా ఆయనే తీశాడు. ఒట్టి గిన్నె ఇవ్వకూడదని నేను మంచం మీద నుంచే గుర్తు చేస్తే, ఆ చేపను వేరే దాంట్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మిఠాయి అయిపోయిందని మంగళవారం పొద్దున డ్యూటీకి పోయే ముందు ఉప్మా చేసి ఆ గిన్నెలో పెట్టి ఇచ్చి పోయాడు. ఆ ఉప్మాను నేను కళ్ళారా చూశాను. గిన్నె బోర్లించినా కింద పడదు. డ్రాయింగులు గీసే మనిషి కదా, కట్టడం గట్టిగానే వచ్చింది.

ఆ ఉప్మాయే నా గుట్టు బయటపెట్టింది. ఐదు నెలలుగా సర్వపిండి, గారెలు, కూరలు, భక్ష్యాలు అందుకున్న ఆంటీ, దాన్ని చెంచాతో పొడిచి చూసి, పైనున్న పిల్లకు ఏదో అయిందని తేల్చుకుంది. మంగళవారం సాయంత్రం చూడ్డానికి పైకి వచ్చింది. సరిగ్గా అదే సమయానికి మా ఆయన నిన్నటి చేపను రిపేరు చేస్తున్నాడు. పోపు వాసనకు నేను బాల్కనీలోకి పోయి గాజు తలుపు మూసుకుని నిలబడ్డాను. వాసన పోవాలని ఆయన ముందు తలుపు బార్లా తెరిచి పెట్టాడు. నేను గాజు అవతలి నుంచి అరుస్తున్నాను.

"మెంతులు మాడనియ్యకు!"

"ఆఁ? వినబడ్తలేదు!"

"మెంతులూ! చింతపండు ఇంకింత పొయ్యి! ఇగో, వెనక జూడు! వెనకా!"

"వెనక ఏం పొయ్యాలె?" అని తిరిగాడు. వెనక ఆంటీ.

ఆమె మూకుట్లోకి తొంగిచూసింది. తను ముందురోజు శ్రద్ధగా ఆవిరి పట్టించిన చేప ఎర్రటి పులుసులో కుతకుతలాడుతోంది. పక్కనే ప్లేటులో ఏరి పారేసిన అల్లం దారాలు, ఉల్లికాడలు. దొంగసొత్తు అంతా పరిచి పెట్టినట్టే ఉంది.

"దిస్... మై ఫిష్?" అంది.

మా ఆయన జన్మలో అబద్ధం ఆడనివాడు. ఆ ఒక్కసారి ప్రయత్నించాడు. "నో ఆంటీ. ఇండియా ఫిష్," అన్నాడు. ఆమె అల్లం ప్లేటు ఎత్తి ఆయన మొహం ముందు పెట్టింది. "యువర్ ఫిష్ ఆంటీ," అని ఒప్పుకున్నాడు. "లిటిల్ రిపేర్."

"ఆల్ టైమ్?"

ఆయన గాజు తలుపులోంచి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "ఆల్ టైమ్ ఆంటీ," అన్నాడు. భూమి చీలితే బాగుండనుకున్నాను. రెండో అంతస్తు బాల్కనీలో ఆ కోరిక ఎంత ప్రమాదమో అప్పుడు తట్టలేదు.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. ఆమె మాత్రం మూకుడు వదిలి నేరుగా నా దగ్గరికి వచ్చింది. తలుపు జరిపి, నా కంటి కింది రెప్పను వేలితో లాగి చూసింది. మణికట్టు పట్టుకుంది. నా పొట్ట వైపు చూపించి, "బేబీ?" అంది. తలూపాను. "ఈట్?" అంది. "నో ఆంటీ," అన్నాను. "హౌ మెనీ డే?" అంది. మూడు వేళ్ళు చూపించి, "వీక్," అన్నాను, అంతటితో ఆమె భుజం మీద పడి ఏడ్చాను. దొంగ దొరికిపోయి ఇంటావిడ భుజం మీదే పడి ఏడవడం నాతోనే మొదలై ఉంటుంది.

ఆమె వంటింట్లోకి పోయి స్టవ్ ఆర్పింది. పులుసు మూకుడు మా ఆయన చేతిలో పెట్టి, "యూ. అవుట్," అంది. పాపం ఆయన ఆ మూకుడు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు (ఎదురు ఫ్లాట్ హైదరాబాద్ అన్న బయటికి వచ్చి, ఏదో పంచుతున్నారనుకుని గిన్నె తెచ్చుకున్నాడట. నిజంగానే పోసి పంపాడు). ఆంటీ కిటికీలన్నీ తెరిచింది. కిందికి పోయి గుడ్డ సంచీలో సీసాలు, ఒక చేప ముక్క తెచ్చింది. గుప్పెడు బియ్యం కడిగి, దాకెడు నీళ్ళు పోసి, మెత్తగా గంజిలా అయ్యేదాకా ఒక గంట కలుపుతూనే ఉంది. చేపను కాగితమంత పలుచగా కోసింది. స్టవ్ ఆపేశాక ఆ ముక్కలు, అల్లం దారాలు ఆ వేడి గంజిలో వేసి మూత పెట్టింది. తరువాత ఒక సీసాలోంచి నాలుగు చుక్కల సోయా సాస్, ఇంకో దాంట్లోంచి రెండు చుక్కల నువ్వుల నూనె. పోపు లేదు. మంచం దాకా వాసనే రాలేదు.

నాకు భయం. పోపు పెట్టిన చేపే నిలవనప్పుడు పచ్చిగా ఉన్నట్టున్న ఈ చేప నిలుస్తుందా? కానీ దొరికిపోయిన దొంగకు ఎంపిక ఎక్కడిది? పెట్టింది తినాల్సిందే. కళ్ళు మూసుకుని ఒక చెంచా తాగాను. వేడిగా, మెత్తగా జారింది. ఉప్పు ఉంది కానీ ఎక్కడుందో తెలియలేదు. నీసు వాసన లేదు. చేప తియ్యగా ఉంది. చేపకు తీపి ఉంటుందని నాకు ఇరవై మూడేళ్ళు ఎవరూ చెప్పలేదు. అంత కారంలో దానికి చెప్పుకునే అవకాశం కూడా రాలేదు. రెండో చెంచా, మూడో చెంచా, గిన్నె ఖాళీ.

"వెరీ నైస్ ఆంటీ," అన్నాను.

ఆమె అనుమానంగా నన్ను చూసింది. లేచి వంటింట్లోకి పోయి చింతపండు డబ్బా తీసుకుని తన సంచీలో వేసుకుంది.

మా ఆయన లోపలికి వచ్చి ఫోన్‌లో టైమ్ పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. పది నిమిషాలు. నిలిచింది. అరగంట. నిలిచింది. నాకు నవ్వు వస్తుంటే, "నవ్వకు, కదుల్తది," అని భయపడ్డాడు. గంట దాటాక కూడా నిలిచే ఉంది. మూడు వారాల తరువాత నా కడుపులో ఒక ముద్ద నిలవడం అదే మొదలు. ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయి కొండ వైపు తిరిగి నిలబడ్డాడు.

బుధవారం మూడు పూటలా ఆంటీ గంజే. మధ్యాహ్నం మా అమ్మ ఫోన్ చేసింది. "ఏం తిన్నవ్ బిడ్డా?" "గంజి తాగిన అమ్మా." "గంజిల ఏమేసుకున్నవ్?" "ఉప్పు," అన్నాను. మూడో నెలలో సముద్రం చేప తిన్నానంటే ఆమె అదే రాత్రి విమానం ఎక్కేది.

ఆ సాయంత్రం గిన్నె నేనే ఇద్దామని మెల్లగా మెట్లు దిగాను. క్షమాపణ చెప్పాలని మా ఆయనను అడిగి రెండు ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టుకుని పోయాను. ఆంటీ నన్ను మాట్లాడనివ్వలేదు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, సింక్ దగ్గర తగిలించిన పెద్ద జల్లెడ చూపించింది. తెల్లటి ప్లాస్టిక్ జల్లెడ. అడుగంతా పసుపూ, ఎరుపూ. ఎంత తోమినా పోని మరక. నాకు అర్థం కాలేదు. అప్పుడామె ఫ్రీజర్‌లోంచి నేను వేవిళ్ళకు ముందెప్పుడో పంపిన రొయ్యల కూర తీసి, ఆ జల్లెడలో వేసి, మీద కెటిల్‌తో వేడినీళ్ళు పోసింది. కారం, మసాలా అంతా సింక్‌లోకి ఎర్రగా పారింది. జల్లెడలో రొయ్యలు తెల్లగా మిగిలాయి.

"యువర్ ఫుడ్," అంది తన గుండె మీద చెయ్యి పెట్టుకుని. "ఆల్ టైమ్. ఐ గివ్ బాత్."

నేను సింక్ పట్టుకుని నవ్వాను. ఆమె గోడకు ఆనుకుని నవ్వింది. ఐదు నెలలు ఒకరి వంట ఒకరు మెచ్చుకుంటూ, తలుపు వేసుకున్నాక ఆమె నా కూరకు స్నానం చేయించింది, నేను ఆమె చేపకు కారం పూశాను. సర్వపిండి మాత్రం నిజంగా ఇష్టమేనట. దాన్ని చిక్కటి తియ్యని సోయాలో ముంచుకు తినేదట. బట్టీపట్టిన రెండు వాక్యాలూ మర్చిపోయాను, వాటి అవసరం కూడా రాలేదు.

గురువారం చెప్పులతోనే త్రాసు ఎక్కబోయాను. చెప్పులు విప్పమంది డాక్టరమ్మ (ఉంచుకుంటే కాస్త ఎక్కువ చూపిస్తుందని నా దొంగ బుద్ధి). ముప్పావు కిలో పెరిగాను. "ఏం తిన్నావు?" అని అడిగింది. "చేప గంజి, మా కింది ఆంటీ చేసింది," అన్నాను. "ఆ ఆంటీని వదలకు," అని, నన్ను చేర్చుకోవడానికి ముందే రాసిపెట్టిన కాగితం చింపేసింది. మా ఆయన కారులో కూర్చున్నాక ఫోన్ తీసి టికెట్ల యాప్ తీసేశాడు. తరువాత ఏడో నెలలో అవసరమై మళ్ళీ పెట్టుకున్నాడనుకోండి.

అప్పటి నుంచి మా గిన్నె ప్రయాణాలు ఆగి నా ప్రయాణాలు మొదలయ్యాయి. రోజూ పదింటికి కిందికి పోయేదాన్ని. ఏ సీసా ఏమిటో ఆమె చుక్క నా నాలుక మీద వేసి చెప్పేది. పలుచటి సోయా చేపకు, చిక్కటిది రొయ్యలకు. నల్ల వెనిగర్ పులుపు చింతపండులా అరవదు, పక్కన నిలబడి మాట్లాడుతుంది. శాచా అని ఒకటి ఉంది, ఎండు చేపలు, ఎండు రొయ్యలు, వెల్లుల్లి కలిపి నూరి నూనెలో వేయించిన ముద్ద. అది మాత్రం వేడి అన్నంలో కలుపుకుని తింటే మా తొక్కు పచ్చళ్ళకు ఏమాత్రం తీసిపోదు. అలా తింటుంటే చూసి ఆమె నెత్తి కొట్టుకుంది, తరువాత తనూ ఒక ముద్ద కలిపించుకుంది. బదులుగా నేను ఆమెకు కారం అలవాటు చేశాను. పావు చెంచాతో మొదలుపెట్టి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, అర చెంచా దాకా వచ్చింది. చింతపండు డబ్బా నాకు ఐదో నెల వచ్చాక తిరిగిచ్చింది.

ఏడో నెలలో నేను ఊరికి పోయాను. మా పాప పుట్టి, ఐదు నెలల పిల్లతో తిరిగి వచ్చేసరికి ఆమె భర్త పని అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. వాచ్‌మన్ దగ్గర నా కోసం సీసాలన్నీ పెట్టి పోయింది. అప్పుడప్పుడూ ఫోన్‌లో కనిపిస్తుంది. పాప ఇప్పుడు ఇక్కడే ఇండియన్ స్కూల్లో రెండో తరగతి. పాపకు ఆవిరి చేప ఇష్టం, వాళ్ళ నాన్నకు పులుసు, నాకు రెండూ. ఏ ఒక్కటి వండినా మిగిలినవాళ్ళు మూతి ముడుస్తారు.

ఈ మధ్య ఒక రోజు మా ఆయన, ఆ నాలుగు నెలల్లో మనం ఏం చేశాం, అని అడిగాడు. ఆలోచిస్తే చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. మత్రాలో సముద్రం పక్కన కార్నిష్ రోడ్డు మీద నడిచాం. ఏసీ ఎంతలో పెట్టాలని పోట్లాడుకున్నాం. నేను అలిగి మొహం తిప్పుకుంటే, ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ తరువాత పాప వచ్చింది, మేం ముగ్గురమయ్యాం. అప్పటి నుంచి ఇద్దరమే కూర్చున్న పూట వెతికినా దొరకదు. ఆ నాలుగు నెలల కోసం కారులో కూర్చుని అంతగా ఏడ్చిన ఆ పిచ్చిపిల్లను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ పిల్లకు తనకేం కావాలో బాగానే తెలుసనిపిస్తుంది. ఆంటీకి మాత్రం ఇదంతా తెలియదు. తనేదో కడుపుతో ఉన్న పిల్లకు గంజి పోశాననుకుంది. ఆమె మాకు నాలుగు నెలల కాపురం పెట్టి పోయింది.